అరగంట మింగిన గడియారం

"పన్నెండింటిదాకా టైమిస్తున్నాను వదినా. ఆ తర్వాత ఆ అమ్మాయిని జీపెక్కిస్తాను. ఈ జన్మలో మళ్ళీ నాకు అన్నం పెట్టనన్నా సరే," అన్నాడు ఇన్‌స్పెక్టర్, రికార్డింగ్ హాలు గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"అన్నం సంగతి మీ అన్నయ్యతో తేల్చుకో. ముందు గుమ్మం వదులు," అందామె.

ఆమెను అందరూ భూతద్దం అంటారు. ఆ పేరు పెట్టింది ఎదురుగా ఉన్న ఈ ఇన్‌స్పెక్టరే. స్వయానా ఆమె భర్తకు తమ్ముడు. అతను మూసేసిన కేసునొకదాన్ని ఆమె తిరగదోడి అసలు దొంగను పట్టిచ్చినప్పుడు, ఉక్రోషం పట్టలేక అన్న మాట అది. వెక్కిరింత కాస్తా బిరుదై కూర్చుంది. నిజానికి ఆమె సంచిలో భూతద్దం ఏనాడూ లేదు. ఒక కొలత టేపు, మడతపెట్టిన చేతిరుమాళ్ళు, మంచినీళ్ళ సీసా ఉంటాయి. ఏ గదిలోకి వెళ్ళినా ఆమె చూసేది ఒక్కటే: ఇక్కడ తన చోట లేని వస్తువేది? ఏళ్ళ తరబడి ఇల్లు సర్దిన చూపు అది. నేర్చుకుంటే వచ్చేది కాదు, మానుకుందామన్నా పోయేది కాదు.

ఈ పూట మాత్రం ఆ చూపు ఒక్క చోట నిలవడం లేదు. ఉన్నది కాస్త వ్యవధి. కంట్రోల్ రూములో ఆ అమ్మాయి బోనులో పిల్లిలా అటూ ఇటూ తిరుగుతోంది. తండ్రి ఆసుపత్రిలో ఒంటి మీద తెలివి లేకుండా పడివున్నాడు.

ఆ తండ్రిని ఈ రంగంలో అందరూ పెద్దాయన అంటారు. వయొలిన్ వాయించేవాళ్ళూ పాడేవాళ్ళూ అద్దానికి అవతల కూర్చుంటే, ఇవతల కూర్చుని కళ్ళు మూసుకుని విని "ఇంకోసారి" అనే మనిషి. శాస్త్రీయ సంగీతం రికార్డులు తీసే అలాంటి నిర్మాతలకు కంపెనీలన్నీ కలిసి ఏటా ఒక అవార్డు ఇస్తాయి. దాన్ని మూడుసార్లు అందుకున్న చేతులు పెద్దాయనవి. ఈ ఏడు ఇవ్వాల్సిన చేతులూ ఆయనవే. అందుకోబోయేది ఆయన బావమరిది. పోయిన అక్కగారు, అంటే పెద్దాయన భార్య, ఎప్పుడో వాయించగా తన ఇంట్లో తనే రికార్డు చేశానని చెప్పి, ఆ బావమరిది నిరుడు ఒక రికార్డు విడుదల చేశాడు. విన్నవాళ్ళంతా కళ్ళొత్తుకున్నారు. ఈ సాయంత్రమే సభ.

నిన్న సాయంత్రం పెద్దాయన కంట్రోల్ రూములోంచి హాల్లోకి దిగే చెక్కమెట్ల కింద, తల పగిలి దొరికాడు. మొదట చూసింది బావమరిదే.

గుమ్మం పక్కన చిన్న బల్ల, బల్ల మీద మఖమలు పరిచిన పళ్ళెం ఉన్నాయి. చప్పుడు చేసే ప్రతి వస్తువూ అందులో పెట్టి లోపలికి వెళ్ళాలని ఆ హాలు నియమం. వాచీలు, తాళంచెవులు, గాజులు, ఫోన్లు అన్నీ అందులోకే. చెప్పులు గుమ్మం బయటే. పళ్ళెంలో పెద్దాయన వాచీ, ఉంగరం నిన్న పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఆమె కూడా తన వాచీ విప్పి వాటి పక్కన పెట్టింది. ఇన్‌స్పెక్టర్ మాత్రం బూట్లతోనే లోపలికి నడిచాడు. కిర్రు, కిర్రు. అద్దం అవతల ఆ అమ్మాయి ముఖం చిట్లించడం ఇక్కణ్ణించి కూడా కనిపించింది.

హాలు పొడుగ్గా, బోసిగా ఉంది. నడిమధ్య స్టాండు మీద ఒక మైకు ఉంది. దాని ముందు కుర్చీ లేదు. పక్కన వాద్యం లేదు. ఎదురుగోడ మీద లోలకం గడియారం టక్కు టక్కుమంటోంది. దాని కింద గోడవారన ఒక కుర్చీ, కుర్చీ మీద శాలువా.

"వాయించే మనిషి లేకుండా మైకెందుకు?" అందామె తనలో తను అనుకున్నట్టు.

వెనకనుంచి జవాబు రాలేదు గాని మనిషొచ్చాడు. అడుగుల చప్పుడే లేదు. తిరిగి చూస్తే, అరవై దాటిన మనిషి ఒట్టి కాళ్ళతో నిలబడి, వాచీ విప్పి పళ్ళెంలో పెడుతున్నాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, రాత్రంతా నిద్రలేనట్టుంది.

"బావకి చలేస్తోందేమోనమ్మా. ఆయన శాలువా పట్టుకెళదామని వచ్చాను," అన్నాడు ఆ అమ్మాయి మేనమామ, పెద్దాయన బావమరిది. "అమ్మాయిని కాస్త చూస్తూండండి. నిన్నట్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు."

"మీరు తిన్నారా?"

"నా తిండికేం లెండి. సభకి కూడా వెళ్ళడం లేదు. అవార్డు నా బదులు ఎవరో ఒకరు తీసుకుంటారు. బావ పక్కన ఉండడం కంటే అదెక్కువా?"

"నిన్న మీరొచ్చేసరికి?"

"సభకి రిహార్సలుందని పొద్దున్నించీ ఆడిటోరియంలోనే ఉన్నానమ్మా. ఐదింటిదాకా స్టేజీ మీదే. ఎక్కడ నిలబడాలో, ఎటు తిరగాలో, ఎప్పుడు నవ్వాలో అన్నీ నేర్పారు." నవ్వబోయి ఆగాడు. "అక్కణ్ణించి నడుచుకుంటూ వచ్చాను. ఐదూ నలభై ఐదైంది. తలుపు తెరిచే ఉంది. మెట్ల కింద బావ..."

"ఏమైనా ముట్టుకున్నారా?"

"నాడి పట్టుకు చూశాను. మరింకేమీ ముట్టుకోలేదు."

"మీరీ హాల్లో ఎన్నాళ్ళు పనిచేశారు?"

"మీసాలు రాని రోజుల్నించి! అక్క వాయించేది, బావ వినేవాడు, మిగతావన్నీ నేను. తీగలు చుట్టడం, మైకులు మోయడం, కుర్చీలు సర్దడం. పెళ్ళిలో పందిరి వేసినవాడి పేరు శుభలేఖలో ఉంటుందా అమ్మా?" ఆ మాట తేలిగ్గానే అన్నాడు, గొంతు మాత్రం తేలిగ్గా లేదు.

గడియారం పదకొండు గంటలు కొట్టింది. ఆయన తలెత్తి దానికేసి చూశాడు.

"అయ్యో, పదకొండున్నర! నర్సు మారే వేళయింది, వస్తానమ్మా." శాలువా చంకన పెట్టుకుని, వాచీ తీసుకుని, పిల్లిలా వెళ్ళిపోయాడు.

అక్కడేదో తేడా కొట్టింది ఆమెకు. ఏమిటో తెలియలేదు. అన్నంలో రాయి పంటి కిందికి రాకముందే నాలుకకు తగిలినట్టు ఉంది. చేతిరుమాలు తీసి మళ్ళీ మడిచింది. తెలియలేదు.

---

కంట్రోల్ రూములో కూతురు కూర్చోలేదు. ఆమెకు ముప్పై ఏళ్ళుంటాయి. తండ్రి దగ్గరే సౌండ్ ఇంజనీరు.

"ఆయన ఎలా ఉన్నాడో ముందు చెప్పండి మేడమ్. ఎవరూ చెప్పడం లేదు."

"పొద్దున కనురెప్ప కదిలిందన్నారు. డాక్టరుకి ఆశ ఉంది. మీ మామయ్య పక్కనే ఉన్నాడు."

"మామయ్య ఉన్నాడు కాబట్టి నేనింకా నిలబడ్డాను," అందా అమ్మాయి.

"ఆ మైకు దేనికమ్మా? వాయించేవాళ్ళెవరూ లేరు."

కూతురు అద్దంలోంచి చూసి నొసలు ముడిచింది. నిన్న తను వెళ్ళేటప్పుడు మైకు అక్కడ లేదు. కాసేపు చూసి, "గది మౌనం," అంది.

"అంటే?"

"ఏ గదికా గదికి ఒక మౌనం ఉంటుంది మేడమ్. ఖాళీ గది కూడా ఊపిరి తీస్తుంది. రికార్డులో పాటకీ పాటకీ మధ్య ఏమీ పెట్టకపోతే వినేవాళ్ళకి చెవులు మూసుకుపోయినట్టుంటుంది. అందుకని ఆ గది మౌనాన్నే రికార్డు చేసి ఆ ఖాళీల్లో పరుస్తాం. ఫ్యాన్లు ఆపుతాం, ఏసీ ఆపుతాం, అందరం కదలకుండా నిలబడతాం. నాన్న ఆ గోడ గడియారం కూడా ఆపేస్తాడు, లోలకం పట్టుకుని. గడియారం ఆగిందంటే మొదలుపెడుతున్నామని. అయిపోయాక నేను దాన్ని మళ్ళీ కదిపి, ముళ్ళు తిప్పి టైము సరిచేస్తాను. నాకు ముందు ఆ పని మామయ్య చేసేవాడు."

"నిన్న నువ్వున్నప్పుడు ఆయన చేతికి వాచీ ఉందా?"

"ఉంది. నేను మాట్లాడుతుంటే పదిసార్లు చూసుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది కూడా."

"ఇప్పుడది పళ్ళెంలో ఉంది."

కిర్రు, కిర్రుమంటూ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. "అది కూతురి మాట వదినా. వాచీ ఎప్పుడు విప్పాడో వాచీ చెప్పదు. చెప్పేది మిషను. ఇదిగో వినండి."

మీట నొక్కాడు. హాల్లోవాళ్ళతో మాట్లాడే కంట్రోల్ రూము మైకు మీట పెద్దాయన ఆపడం మరిచిపోవడంతో నిన్నటి గొడవంతా మిషన్లో రికార్డయింది. ముందు కూతురి గొంతు, గట్టిగా: "అమ్మ వాయించింది నలుగురూ వినకూడదా? మామయ్యకి అవార్డొస్తే నీకెందుకు నాన్నా అంత కడుపుమంట?" తర్వాత తండ్రి, నెమ్మదిగా: "ఆ అవార్డు నా చేత్తో ఇవ్వను. ఎందుకో రేపు చెప్తాను." మళ్ళీ కూతురు: "నువ్వుండగా మా ఎవరికీ మంచి జరగనివ్వవు!"

ఆగిపోయింది. కూతురు రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"సమయం నాలుగుంపావు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మిషన్లో దీని తర్వాత ఇంకేమీ లేదు. నాలుగున్నరకి ఈవిడ బయటికెళ్ళింది. పావు తక్కువ ఐదునుంచి ఆరింటిదాకా పంటి డాక్టరు దగ్గరే ఉంది, అక్కడి కెమెరాలో చూశాను. అంటే ఏం జరిగినా ఆ పావుగంటలోనే జరగాలి. ఆ టైముకి బావమరిది స్టేజీ మీద ఉన్నాడు, ఆడిటోరియం కెమెరాలో చూశాను. కథ కంచికి, మనం ఇంటికి."

"నేను తొయ్యలేదు," అంది కూతురు చేతుల్లోంచే. "అరిచాను. అరిచి పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళిపోయాను. ఆయనతో ఆఖరిగా నేనన్న మాట అదేనేమో మేడమ్..."

ఆమె ఆ అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి, అలాగే ఉంచి, "అమ్మాయ్, ఈ మిషను ఒక్కో రికార్డింగుకి ఒక నంబరు ఇస్తుందా?" అంది.

"దానంతటదే ఇస్తుంది."

"ఆ గొడవ నంబరెంత?"

"ఏడు."

"ఇప్పుడు కొత్తగా ఒకటి మొదలుపెట్టు."

కూతురు కళ్ళు తుడుచుకుని మీట నొక్కింది. తెర మీద తొమ్మిది వెలిగింది.

ముగ్గురూ దానికేసే చూశారు.

"ఎనిమిదేది?" అంది భూతద్దం.

"పొరపాటున పడి ఉంటుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. అంతలోనే, "లేదా తుడిచేసుంటారు. తుడవడం తెలిసినావిడ ఇక్కడే ఉందిగా!" అని కూతురికేసి చెయ్యి చూపించాడు. "మీరు తవ్విన కొద్దీ గుంత ఈవిడ కిందే పడుతోంది వదినా. ఈ సాయం చాలు, ఇంక ఆపండి."

అన్నం తినే బల్ల దగ్గర ఇంత వినయమైన మరిది ఇంకొకడు ఉండడు. వడ్డించింది వడ్డించినట్టు తింటాడు. కేసు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎక్కడలేని కొమ్ములూ మొలుచుకొస్తాయి.

ఆమె బయటికి నడిచి, పళ్ళెంలోంచి వాచీ తీసి పెట్టుకుంది. అలవాటుగా టైము చూసుకుంది. పన్నెండుకు ఇరవై నిమిషాలుంది. తలెత్తి గోడకేసి చూసింది. అక్కడ పదకొండుంపావు కూడా కాలేదు.

రాయి పంటి కిందికి వచ్చింది.

గడియారం పదకొండు కొట్టింది. ఆయన వాచీ పళ్ళెంలో ఉంది. ఫోను చూడలేదు. ఎదురుగా పదకొండు గంటలు వింటూ, "పదకొండున్నర" అన్నాడు.

---

"అమ్మాయ్, ఈ గడియారం అరగంట వెనక నడుస్తోందని నీకు తెలుసా?"

కూతురు మెట్ల మీదికొచ్చి చూసి తెల్లబోయింది. "కుదరదు మేడమ్! నాన్న రోజూ పొద్దున్నే సరిపెడతాడు. అది నిమిషం తప్పదు. పక్క షాపు వాళ్ళంతా దీన్ని బట్టే..."

మాట పూర్తికాకముందే భూతద్దం చెప్పుల్లో కాళ్ళు పెట్టేసింది.

పక్కది బట్టలు కుట్టే షాపు. గోడకు గోడ ఆనుకుని ఉంది. లోపల పదిమంది ఆడవాళ్ళు, పది మిషన్లు. కుట్టేవాళ్ళ ఫోన్లన్నీ తలుపు దగ్గర బుట్టలో పడివున్నాయి. యజమానురాలి నియమం అది. యజమానురాలు మాత్రం తన ఫోను చెవికి ఆనించుకునే ఉంది.

"నిన్న ఎన్నింటికి కట్టేశారు?" అని అడిగిందో లేదో, మిషన్లు టకటకా ఆగిపోయాయి.

"అడగండమ్మా అడగండి! ఆ ముసలాయన గడియారం ఐదు కొట్టకుండా మమ్మల్ని కూర్చోబెట్టేసింది," అంది కిటికీ దగ్గరావిడ. "ఎప్పటికీ కొట్టదే! కుట్టీ కుట్టీ నా మెడ కాస్తా కొంగ మెడైంది."

"బయటికొచ్చేసరికి ఐదుంపావు బస్సు పోయింది," అంది ఇంకొకావిడ. "మా ఆయన వంటింట్లో చెయ్యి పెట్టి గిన్నెలన్నీ మాడ్చాడు. ఆ గిన్నెలు తోమినందుకు డబ్బు ఎవరిస్తారు, గడియారమా?"

"మా అక్కకి తెలుసులే టైము, ఆవిడ ఫోను ఆవిడ దగ్గరేగా," అని మూడో ఆవిడ యజమానురాలికేసి కొంటెగా చూసింది. "అర్జంటు ఆర్డరుంటే సూర్యుణ్ణి కూడా ఆపేస్తుంది."

యజమానురాలు ఫోను దించి, "నేనేం ఆపలేదు తల్లీ, కొట్టినప్పుడే వదిలాను!" అంది.

"మరి టీకి?" అంది భూతద్దం.

"టీకి సరిగ్గానే కొట్టింది. నాలుగున్నరకి ఒకటే గంట కొడుతుందిగా, ఆ గంటకే వెళ్ళాం. పెద్దాయన కూతురు అప్పుడే బయటికొచ్చింది. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. టీ తాగమంటే పన్ను నొప్పి అని వెళ్ళిపోయింది. పాపం, ఆ పిల్లేనా తోసింది?"

"కాదు," అంది భూతద్దం. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. "ఒక సాయం చేస్తారా? ఇంకో పది నిమిషాలయ్యాక ఆ మూల కొళాయి బాగా తిప్పి కాసేపు వదలండి."

కూతురు గది మౌనం గురించి చెప్పింది విన్నప్పటినుంచీ ఆ గోడ ఆమె మనసులో ఉంది. గోడ ఒకటే అయినప్పుడు, ఇటు చప్పుడు అటు పోకుండా ఉంటుందా?

---

తిరిగొచ్చేసరికి ఇన్‌స్పెక్టర్ చేతి గడియారం చూసుకుంటున్నాడు.

"పన్నెండు వదినా."

సరిగ్గా అప్పుడే గోడ గడియారం ఒక్క గంట కొట్టి ఊరుకుంది.

"ఏ గడియారం ప్రకారం? నీ చేతిదా, గోడదా?" అందామె. "ఇప్పుడు కొట్టింది పదకొండున్నర. నువ్వు నిన్నట్నుంచీ దీని ఎదురుగా తిరుగుతున్నావు."

"పాత సామాను. వెనకబడదా?"

"ఒక్క పూటలో అరగంటా? విను. నాలుగున్నర గంట సరిగ్గానే కొట్టింది. పక్కవాళ్ళు ఆ గంటకే టీకి లేచారు. అప్పుడు ఈ అమ్మాయి వీధిలో ఉంది. పంటి డాక్టరు దగ్గరికి పావు తక్కువ ఐదుకల్లా చేరింది. అక్కడి కెమెరాలో చూశానని నువ్వే కదా చెప్పావు?"

"చూశాను," అన్నాడతను కాస్త తగ్గి.

"అంటే ఈ పిల్ల గడప దాటాక కూడా గడియారం సరిగ్గానే ఉంది. ఐదు మాత్రం ఐదున్నరకి కొట్టింది. వాళ్ళ బస్సు పోయింది. మధ్యలో అరగంట ఏమైంది? ఎవరో గడియారం ఆపారు. ఎవరో మళ్ళీ నడిపారు. ఆపింది పెద్దాయన. వాచీ విప్పి, ఉంగరం తీసి, మైకు పెట్టి, లోలకం పట్టుకుని ఆపి, ఈ గది మౌనం రికార్డు చేశాడు. అదే ఎనిమిదో నంబరు. ఈ అమ్మాయి వెళ్ళాకా ఆయన నిక్షేపంగా ఉన్నాడు!"

కూతురు మెట్టు మీద కూలబడిపోయింది. నిన్నటినుంచీ ఆమె కూర్చోవడం అదే మొదలు.

"మరి నడిపిందెవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. బూట్ల కిర్రు ఆగిపోయింది.

"తల పగిలిన మనిషి కుర్చీ ఎక్కి లోలకం కదపడు. వచ్చినవాడు ఎనిమిదో నంబరు తుడిచాడు. పోబోతూ చూస్తే గడియారం ఆగి ఉంది. పని అయిపోయాక గడియారం నడపడం వాడికి చిన్నప్పట్నుంచీ ఉన్న అలవాటు. గది వదిలేటప్పుడు నేను లైటు తీసేస్తానే, అలా చెయ్యి దానంతటదే వెళ్ళింది. ముళ్ళు తిప్పే తీరిక లేకపోయింది. తర్వాత గుర్తొచ్చినా నువ్వు పోలీసుల్ని నిలబెట్టావు. ఇందాక మాత్రం అది పదకొండు కొడుతుంటే, లెక్క వేసి నాతో పదకొండున్నర అన్నాడు. ఇది వెనకబడిందని ఇంటి మనిషికే తెలియదు. వాడికి తెలుసు."

"మామయ్యా?" అంది కూతురు. అడిగినట్టు లేదు, ఎక్కడో పోగొట్టుకున్న వస్తువును పిలిచినట్టుంది. "మామయ్య ఎందుకు చేస్తాడు మేడమ్? నన్నెత్తుకుని పెంచాడు. నాన్న మీద ఈగ వాలనివ్వడు."

"ఐదింటిదాకా స్టేజీ మీదున్నాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఐదు తర్వాత?"

అతను గోడ గడియారానికేసి తిరిగాడు.

"ఎందుకో నాకూ పూర్తిగా తెలియదు," అంది భూతద్దం. "తెలిసింది పెద్దాయనకి. నిన్న ఆయన ఏం వింటున్నాడు?"

కూతురు లేచి, ప్లేయరు మూత మీద చెయ్యి వేసింది. మామయ్య రికార్డు అందులోనే ఉంది. "వారం నుంచీ ఇదే. అదీ పాట కాదు. పాటకీ పాటకీ మధ్య ఖాళీ. మళ్ళీ మళ్ళీ అదే. అమ్మ గుర్తొచ్చి అలా చేస్తున్నాడనుకున్నాను."

"పెట్టు. చెవులకి తగిలించేది మా మరిదికి కూడా ఒకటివ్వు."

ముగ్గురూ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు. తల్లి వాయించిన ఆఖరి స్వరం సన్నగిల్లి, సన్నగిల్లి, ఆరిపోయింది. తర్వాత ఏమీ లేదు. కూతురు ఆ ఏమీ లేనిదాన్ని పెంచింది. పెంచగా పెంచగా, ఎక్కడో చాలా దూరాన, చలికాలం కిటికీ సందులో గాలిలా సన్నటి ఈల వినిపించింది. అది లేచి, వణికి, ఆగిపోయింది.

కూతురు అదే ముక్క మళ్ళీ పెట్టి వింది.

"ఇది మామయ్య ఇంటి మౌనం కాదు."

"నీకెలా తెలుసు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

కూతురు హాలు మధ్యనున్న మైకుకు మీట వేసింది. ఇన్‌స్పెక్టర్ ఊపిరి బిగపట్టాడు, తనకు తెలియకుండానే. కాసేపు ఏమీ లేదు. అంతలో పక్క షాపులో కొళాయి తిప్పినట్టున్నారు. గోడలో నీళ్ళ పైపు సన్నగా ఈల వేసింది. అది లేచి, వణికి, ఆగిపోయింది.

అదే ఈల.

"చిన్నప్పట్నుంచీ ఉంది," అంది కూతురు. "నాన్న పైపు మార్పిద్దామంటే అమ్మ వద్దనేది, అది మన గది గురకలే అని. ఈల వస్తే అమ్మ వాయించడం ఆపి నవ్వేది. మేడమ్, ఇది అమ్మ ఇక్కడ వాయించింది. నాన్న రికార్డు చేసింది. అమ్మ పోయే ముందు, బాగా రాలేదు చెరిపెయ్యమని ఒట్టేయించుకుంది. చెరపమని నాన్న మామయ్య చేతికిచ్చాడు."

"చెరపలేదు," అంది భూతద్దం. "దాచుకుని, తనే తీశానని లోకానికి చెప్పాడు. ప్రతి స్వరం సబ్బు పెట్టి కడిగినట్టు శుభ్రం చేశాడు. మధ్య ఖాళీలు మాత్రం ఆ టేపులోవే పరిచాడు. మౌనాన్ని ఎవరు వింటారనుకున్నాడు. వినేవాడు ఒక్కడున్నాడు. ఈ గది మౌనంతో పోల్చి చూద్దామనే నిన్న ఎనిమిదో నంబరు తీశాడు. ఆయనే స్టేజీ మీద అవార్డు ఇవ్వాలి."

ఇన్‌స్పెక్టర్ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద మెల్లగా పెట్టాడు. అంత మెల్లగా అతను ఏ వస్తువునూ పెట్టగా ఆమె చూడలేదు.

"ఇంటి దొంగను ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు," అన్నాడు.

"పట్టుకోవడం తర్వాత. ఇప్పుడు వాడెక్కడున్నాడు?"

ఆ మాటతో ముగ్గురికీ ఒకేసారి తట్టింది. పెద్దాయన తెలివిలోకి వస్తే చెప్పబోయే మొదటి మాట ఏమిటో ఎరిగిన మనిషి లోకంలో ఒక్కడే. వాడిప్పుడు ఆయన మంచం పక్కనే ఉన్నాడు. కూర్చోబెట్టింది వీళ్ళే.

ఇన్‌స్పెక్టర్ ఫోను తీశాడు. అందరికీ వినబడేలా పెట్టాడు. కానిస్టేబులు గొంతు ఉత్సాహంగా వచ్చింది.

"సార్! మంచి కబురు. పేషెంటు వేళ్ళు కదిలిస్తున్నారు. కాసేపట్లో మాట్లాడొచ్చని డాక్టరు చెప్పి వెళ్ళారు. గదిలో చప్పుడు లేకుండా చూడమన్నారు."

"లోపలెవరున్నారు?"

"బావమరిదిగారొక్కరే సార్. నా బూట్లు కిర్రుమంటున్నాయని నన్ను బయటికి పంపారు. నర్సుని కూడా. తలుపేసుకుని చూసుకుంటున్నారు."

"తలుపు తెరువు! వెంటనే లోపలికెళ్ళు!" ఇన్‌స్పెక్టర్ అప్పటికే గుమ్మం దాటి పరుగెడుతున్నాడు, ఫోను చేతిలోనే ఉంది. ఆమె అతని వెనకే, చెప్పులు లేకుండానే. కూతురు ఇద్దరినీ తోసుకుని ముందుకొచ్చింది.

"గడియ వేసుంది సార్... సార్, తియ్యండి సార్!" అవతల తలుపు దబదబా కొడుతున్న చప్పుడు. "కంగారేం లేదు సార్, ఆయన చాలా జాగ్రత్త మనిషి. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోందని, తలుపేసుకునే ముందు కుర్చీ ఎక్కి దాన్ని కూడా ఆపేశారు."

జీపు తలుపు పట్టుకున్న కూతురి చెయ్యి అక్కడే బిగుసుకుపోయింది.

"మొదలుపెడుతున్నాడు," అంది.